కురచ వెంట్రుకల శునకాల సంరక్షణ: ఇంటి నుంచి ప్రదర్శన బరి వరకు

ప్రత్యేక వ్యాసం

కురచ వెంట్రుకలు గల కుక్కకు దువ్వెనతో పని లేదన్న అభిప్రాయం పెంపకందారులలో బలంగా నాటుకొని ఉంది. జులపాలు లేవు, చిక్కులు పడవు, కత్తిరింపు అవసరం లేదు గనుక నెలకొకసారి నీళ్ళు పోస్తే చాలునని అనేకులు భావిస్తున్నారు. ఈ భావన వల్లనే చర్మవ్యాధి ఒళ్ళంతా పాకిన తరువాత గాని, పిడుదుల కారణంగా జ్వరం ముదిరిన తరువాత గాని, గోరు వంకర తిరిగి పాదంలోకి గుచ్చుకున్న తరువాత గాని ఎన్నో కుక్కలు పశువైద్యశాలకు చేరడం లేదు.

వాస్తవానికి కురచ వెంట్రుకల కుక్క సంరక్షణ అలంకారానికి సంబంధించినది కాదు. అది వారం వారం ఇంటిలోనే జరిగే ఆరోగ్య పరీక్ష. దువ్వే చేతికి తగిలిన చిన్న కురుపు, చిన్న గడ్డ, చెవి వెనుక దాగిన పిడుదు సకాలంలో బయటపడితే చికిత్స సులభమవుతుంది. గజ్జి, తామర, రేబీస్ వంటివి కుక్క నుంచి మనిషికి సోకే వ్యాధులు కనుక ఈ విషయం ఆ ఇంటి వారితోపాటు ఇరుగుపొరుగు వారి ఆరోగ్యానికి కూడా సంబంధించినది.

మన పరిసరాలలోని జాతులు

లాబ్రడార్, డాబర్‌మన్, బాక్సర్, డాల్మేషియన్, బీగిల్, పగ్, గ్రేట్ డేన్, నునుపు బొచ్చు డాషండ్ మన పట్టణాలలో విరివిగా కనిపించే కురచ వెంట్రుకల జాతులు. దక్షిణాది దేశవాళీ వేటకుక్కలు కూడా ప్రధానంగా ఈ కోవకు చెందినవే. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాకు చెందిన ముధోల్, తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన రాజపాళయం, దక్షిణ తమిళనాడుకు చెందిన చిప్పిపారై, కన్ని జాతులు ఇందుకు ఉదాహరణలు. రాజపాళయం పట్టణంలో తరతరాలుగా స్థిరపడి నేటికీ ఇంట తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలతో ఆ జాతి చరిత్ర ముడిపడి ఉండడం తెలుగువారికి ఆసక్తి కలిగించే అంశం.

భారత తపాలా శాఖ 2005 జనవరి 9న విడుదల చేసిన నాలుగు శునక జాతుల తపాలా బిళ్ళలలో ముధోల్, రాజపాళయం చోటు చేసుకున్నాయి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో దేశవాళీ జాతులను పెంచవలసిందిగా పిలుపునిచ్చిన తరువాత వీటిపై ఆసక్తి మరింత పెరిగింది. మన వాతావరణానికి అలవాటు పడిన జాతులైనంత మాత్రాన వీటికి సంరక్షణ అక్కరలేదని భావించరాదు. తెల్లని బొచ్చు, గులాబీ రంగు ముక్కు గల రాజపాళయం కుక్కకు ఎండ తాకిడి ఎక్కువ. ముక్కు, చెవుల కొనలు కమిలిపోకుండా మధ్యాహ్నపు ఎండ నుంచి దానిని కాపాడవలసి ఉంటుంది.

చర్మం, బొచ్చు స్వభావం

కుక్క చర్మం మనిషి చర్మం కంటె పలుచనిది. మనిషి చర్మానికి స్వల్పంగా ఆమ్ల స్వభావం ఉండగా కుక్క చర్మం తటస్థ స్థితికి దగ్గరగా ఉంటుంది. మనుషుల సబ్బులు, షాంపూలు కుక్కకు పనికిరావని పశువైద్యులు చెప్పడానికి ఇదే కారణం. వెంట్రుకల కుదుళ్ళ వద్ద ఉండే గ్రంథుల నుంచి నూనె వంటి పదార్థం ఊరుతుంది. ఆ నూనె వెంట్రుక పొడవునా పరుచుకొన్నప్పుడే బొచ్చుకు నిగారింపు వస్తుంది. తరచుగా సబ్బు రుద్దితే ఆ నూనె కడుక్కుపోయి చర్మం పొడిబారుతుంది, దురద ఆరంభమవుతుంది. సక్రమంగా దువ్వితే అదే నూనె ఒళ్ళంతా సమంగా అందుతుంది.

కురచ వెంట్రుకలు రాలవన్నది మరొక అపోహ. లాబ్రడార్‌కు పై బొచ్చుతో పాటు కింద మెత్తని ఒత్తు బొచ్చు కూడా ఉంటుంది. అందువల్ల అది పొడవు వెంట్రుకల కుక్కలకు తీసిపోకుండా రాల్చుతుంది. డాల్మేషియన్, పగ్ జాతుల వెంట్రుకలు సూదుల వలె బట్టలకు, పరుపులకు గుచ్చుకొని దులిపినా వదలవు. రాలవలసిన వెంట్రుకలను దువ్వెనతో ముందే తీసివేయడం ఒక్కటే దీనికి మార్గం.

దువ్వే విధానం

ఇందుకు కావలసిన పరికరాలు నాలుగే: రబ్బరు పళ్ళు గల బ్రష్ లేదా చేతి తొడుగు, కురచ కుచ్చుల బ్రష్, మెత్తని నూలు గుడ్డ లేదా షామీ తోలు, సన్నని పళ్ళ దువ్వెన. ఇనుప ముళ్ళ బ్రష్‌లు ఈ జాతుల పలుచని చర్మాన్ని గీరి గాయపరుస్తాయి కాబట్టి వాటిని వాడకపోవడమే మంచిది.

మొదట వట్టి చేతులతో కుక్క తల నుంచి తోక వరకు, పొట్ట కింద, చంకలలో, తొడల సందులలో, కాలివేళ్ళ మధ్య నిమురుతూ పరిశీలించాలి. గడ్డలు, పుండ్లు, పొక్కులు, వేడి, నొప్పి ఏదైనా ఉంటే చేతికి తెలుస్తుంది. తరువాత రబ్బరు బ్రష్‌తో మెల్లగా గుండ్రంగా రుద్దితే రాలే వెంట్రుకలు, చుండు, దుమ్ము పైకి తేలుతాయి. ఆపైన కుచ్చుల బ్రష్‌తో వెంట్రుక వాలిన దిశలోనే దువ్వాలి. చివరగా గుడ్డతో గట్టిగా తుడిస్తే మెరుపు వస్తుంది. వారానికి 2 పర్యాయాలు, ఒక్కొక్కసారి 10 నిమిషాలు దీనికి సరిపోతాయి. బొచ్చు అధికంగా రాలే రోజులలో నిత్యం దువ్వవలసి ఉంటుంది.

ఇంత చేసినా బొచ్చు కళావిహీనంగా ఉంటే లోపం బ్రష్‌లో ఉండదు. కడుపులో నులిపురుగులు, ఆహారంలో మాంసకృత్తుల కొరత, థైరాయిడ్ లోపం వంటి కారణాలు ఉండవచ్చు. అటువంటప్పుడు నూనెలు పూయడం మాని పశువైద్యుని సంప్రదించాలి.

స్నానం

ఆరోగ్యవంతమైన కురచ వెంట్రుకల కుక్కకు సాధారణంగా 3, 4 వారాలకొకసారి స్నానం చాలు. కుక్కకు ఒళ్ళంతా మనిషికి వలె చెమట పట్టదు. ప్రధానంగా నాలుక చాపి వగర్చడం ద్వారానే అది వేడిని తగ్గించుకొంటుంది. కాబట్టి వేసవిలో రోజూ సబ్బు స్నానం చేయించవలసిన అవసరం లేదు. చల్లదనం కోసం తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

స్నానానికి ముందు ఒకసారి దువ్వి, చెవులలో దూది ఉంచి, గోరువెచ్చని నీటితో మెడ నుంచి వెనుకకు తడపాలి. కుక్కల కోసం తయారైన షాంపూను నీటిలో కలిపి రుద్దాలి. వైద్యుడు సూచించిన మందు షాంపూ అయితే ఆయన చెప్పినంత సేపు, సాధారణంగా 10 నిమిషాలు, ఒంటిమీద ఉంచితేనే పనిచేస్తుంది. షాంపూ ఏమాత్రం మిగలకుండా కడగడం అన్నిటికంటె ముఖ్యం. స్నానం తరువాత వచ్చే దురదకు అనేక సందర్భాలలో మిగిలిపోయిన షాంపూయే కారణం. పగ్, బాక్సర్ వంటి జాతుల ముఖం ముడుతలలో, కాలివేళ్ళ సందులలో తడి లేకుండా తుడవాలి. కోస్తా జిల్లాల ఉక్కపోత వాతావరణంలో ఈ తడి నిలిస్తే శిలీంద్రాలు, బ్యాక్టీరియా పెరుగుతాయి. పిడుదుల నివారణకు మెడపై చుక్కల మందు వేసినట్లయితే దానికి ముందు, తరువాత రెండేసి రోజులు స్నానం చేయించరాదు.

పిడుదులు – ప్రధాన శత్రువు

మన ప్రాంతంలో కుక్కలకు అత్యధిక హాని చేస్తున్నవి పిడుదులు. వీటినే గోమార్లు అని కూడా వ్యవహరిస్తారు. కురచ వెంట్రుకల కుక్కపై ఇవి సులభంగా కనబడతాయని యజమానులు ధీమాగా ఉంటారు. కాని పిడుదులు చెవి లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ళ మధ్య, తోక అడుగున చేరి కంటికి చిక్కవు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు నేలపై రాలి గోడ పగుళ్ళలో, గచ్చు సందులలో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పిడుదులు నెలల తరబడి ఆహారం లేకుండా ఉండగలవు. కాబట్టి కుక్క పడుకొనే చోటును శుభ్రం చేయకుండా కుక్కకు మాత్రమే మందు వేస్తే సమస్య తీరదు.

పిడుదుల ద్వారా ఎర్లీషియోసిస్, బెబీసియోసిస్ వంటి రక్త సంబంధ వ్యాధులు వస్తాయి. జ్వరం, తిండి మానివేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం వీటి లక్షణాలలో కొన్ని. సకాలంలో గుర్తించితే చికిత్స ఉంది, ఆలస్యమైతే ప్రాణాపాయం ఉంది. ఒకటి, రెండు పిడుదులు కనిపిస్తే చేతులకు తొడుగు ధరించి, చిమటాతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని నిదానంగా నిటారుగా లాగాలి. వేళ్ళతో నలపరాదు, అగ్గిపుల్లతో కాల్చరాదు, కిరోసిన్ పోయరాదు.

సొంత వైద్యంతో ముప్పు

గజ్జి పట్టిన కుక్కకు వాడిన ఇంజన్ ఆయిలు పూయడం, పంటలపై చల్లే పురుగుమందును నీళ్ళలో కలిపి పోయడం ఇప్పటికీ అనేక చోట్ల జరుగుతున్నది. కుక్క తన ఒళ్ళు తాను నాకుతుంది. బొచ్చు కురచగా ఉన్నందున పూసిన పదార్థం నేరుగా చర్మానికి అంటి రక్తంలోకి కూడా ఇంకుతుంది. ఫలితంగా వాంతులు, చొంగ కారడం, వణుకు, మూర్ఛ కలిగి కుక్క మరణించే ప్రమాదం ఉంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనె సైతం కుక్కకు హాని చేస్తుంది. పశువులకు వాడే ఇంజక్షన్లను మోతాదు తెలియకుండా కుక్కలకు వేయడం కూడా ప్రమాదకరమే.

వెంట్రుకలు ఊడినదంతా గజ్జి కాదని కూడా గ్రహించాలి. సార్కాప్టిక్ రకం గజ్జి మనుషులకు సోకి తీవ్రమైన దురద కలిగిస్తుంది. డెమోడెక్టిక్ రకం మనుషులకు సోకదు. తామర శిలీంద్రం వల్ల వచ్చేది. అది కుక్కను ఎత్తుకొని ఆడే చిన్నపిల్లలకు తేలికగా అంటుతుంది. ఈ మూడింటికీ చికిత్స వేరు. చర్మాన్ని కొద్దిగా గీరి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే తేడా తెలుస్తుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో శునకాలకు కూడా వైద్యం అందుతున్నది.

గోళ్ళు, చెవులు, పళ్ళు

గచ్చుపై నడిచేటప్పుడు టకటక చప్పుడు వస్తే గోళ్ళు పెరిగినట్లు గుర్తు. తెల్ల గోటిలో రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది, దానిని వదలి కొనను మాత్రమే కత్తిరించాలి. నల్ల గోళ్ళలో అది కనిపించదు కనుక కొద్ది కొద్దిగా తీయాలి. రక్తం వస్తే పటిక పొడి అద్ది కొద్దిసేపు నొక్కి ఉంచాలి. ముందరి కాళ్ళ లోపలి వైపు పైన ఉండే గోరు నేలకు తగలక అరగదు. దానిని మరచిపోయినప్పుడే అది వంకర తిరిగి చర్మంలోకి దిగుతుంది.

లాబ్రడార్, బీగిల్, డాషండ్ వంటి వేలాడే చెవుల జాతులకు చెవిలో గాలి ఆడక చీము పట్టే అవకాశం ఎక్కువ. వారానికొకసారి చెవి మడత తీసి చూడాలి. దుర్వాసన, నల్లని గులిమి, మాటిమాటికి తల విదల్చడం కనిపిస్తే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. కంటికి కనిపించే భాగాన్ని మాత్రమే దూదితో తుడవాలి. పుల్లలు లోపలికి పోనీయరాదు.

పెరిగిన కుక్కకు 42 పళ్ళు ఉంటాయి. వాటిపై గార పేరుకొంటే చిగుళ్ళు దెబ్బతింటాయి. కుక్కల కోసం తయారైన పేస్టుతో మెత్తని బ్రష్ వాడి తోమాలి. మనుషుల పేస్టును కుక్క ఉమ్మివేయలేక మింగుతుంది. కొన్ని పేస్టులలో తీపికి వాడే జైలిటాల్ కుక్కలకు విషం.

ప్రదర్శనకు సన్నాహం

మన దేశంలో శునక ప్రదర్శనలు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి. చెన్నై కేంద్రంగా పనిచేస్తున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి కుక్కల వంశావళిని నమోదు చేస్తుంది. నమోదైన కుక్క చర్మం కింద అమర్చే మైక్రోచిప్ సంఖ్యను బట్టి దానిని గుర్తిస్తారు. ముధోల్ కుక్కను ఈ సంస్థ కారవాన్ హౌండ్ అన్న పేరుతో వ్యవహరిస్తుంది.

పొడవు వెంట్రుకల కుక్క శరీరంలోని లోపాలను నేర్పరి కత్తెర కొంతవరకు కప్పిపుచ్చగలదు. కురచ వెంట్రుకల కుక్క విషయంలో ఆ అవకాశం లేదు. పక్కటెముకలు, కండరాలు, వెన్ను, పాత మచ్చలు, పిడుదు కాట్లు అన్నీ న్యాయనిర్ణేత కంటికి కనిపిస్తాయి. నెలల తరబడి ఇంటిలో జరిగిన సంరక్షణ ఏ విధంగా ఉన్నదో బరిలో నిమిషాలలో తేలిపోతుంది. కనుక సన్నాహం కనీసం 2 నెలల ముందు ఆరంభం కావాలి.

రేబీస్ టీకా ప్రదర్శనకు కనీసం 3 వారాల ముందే పూర్తయి ఉండాలి. నులిపురుగుల మందు వేయించాలి. గోళ్ళను వారం వారం కొద్దిగా తీస్తూ ఉంటే లోపలి రక్తనాళం క్రమంగా వెనుకకు జరిగి పాదం పొందికగా కనిపిస్తుంది. చివరి స్నానం ప్రదర్శనకు 2, 3 రోజుల ముందు చేయిస్తే కడుక్కుపోయిన సహజ నూనె తిరిగి చేరి మెరుపు వస్తుంది. తొడల వెనుక, తోక కింద, మెడ పక్కన ఎగుడుదిగుడుగా నిలిచే వెంట్రుకలను పలుచబరచే కత్తెరతో సరిచేయవచ్చు. మీసాలను తీయడం అనవసరం. కుక్కకు అవి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే అవయవాలు. ప్రదర్శన నాటి ఉదయం తడిగుడ్డతో తుడిచి, కుచ్చుల బ్రష్‌తో దువ్వి, షామీ తోలుతో మెరుగు పెడితే చాలు.

బరిలో గమనించే అంశాలు

డాషండ్, బీగిల్, పగ్ వంటి చిన్న జాతులను బల్లపై నిలబెట్టి, పెద్ద జాతులను నేలపైనే పరిశీలిస్తారు. న్యాయనిర్ణేత నోరు తెరచి పళ్ళ అమరికను చూస్తారు, భుజం, వీపు, తొడలను తడిమి చూస్తారు, మగ కుక్కలలో వృషణాలను పరీక్షిస్తారు. తరువాత కుక్కను నేరుగా, గుండ్రంగా నడిపించి నడకను గమనిస్తారు. అపరిచిత వ్యక్తి తాకినప్పుడు బెదరక, కరవక నిలబడగలగడం శిక్షణ ఉంటేనే సాధ్యం. వారానికి రెండుసార్లు ఇంటిలో దువ్వించుకొనే కుక్కకు ఈ శిక్షణ ప్రత్యేకంగా ఇవ్వవలసిన పని లేదు.

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు సభ్యత్వం గల అంతర్జాతీయ శునక సమాఖ్య నియమావళి ప్రకారం వెంట్రుకలు, చర్మం, ముక్కు సహజ స్వరూపాన్ని మార్చే ఏ పదార్థాన్నీ ప్రదర్శనలో వాడరాదు. కత్తిరించడానికి, దువ్వడానికి మాత్రమే అనుమతి ఉంది. తెల్లకుక్కలకు సుద్దపొడి అద్దడం, మచ్చలపై రంగు వేయడం ఈ నియమానికి విరుద్ధం. కుక్కను అలంకరణ బల్లపై అవసరానికి మించి కట్టి ఉంచడాన్ని సైతం ఈ నియమావళి నిషేధించింది.

డాబర్‌మన్, బాక్సర్ జాతులకు అందం పేరిట చెవులు కోయించడం, తోక కత్తిరించడం సంరక్షణలో భాగం కాదు. జంతువుల అవయవాలను ఛేదించడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ నేరంగా పరిగణిస్తున్నది. 2017లో వెలువడిన శునక పెంపకం, విక్రయ నియమాల ప్రకారం 8 వారాలలోపు వయసు గల పిల్లలను విక్రయించరాదు.

ప్రజారోగ్యం – యజమాని బాధ్యత

కుక్కపిల్లకు 3 నెలల వయసులో తొలి రేబీస్ టీకా వేయించి, తరువాత వైద్యుని సూచన మేరకు ఏటా పునరావృతం చేయించాలి. పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్సల బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు స్పష్టం చేస్తున్నాయి. కుక్కల ద్వారా సంక్రమించే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబర్ 28న జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించింది. ప్రపంచ జూనోసిస్ దినోత్సవమైన జూలై 6న తెలుగు రాష్ట్రాల పశువైద్యశాలలలో ఉచితంగా రేబీస్ టీకాలు వేసే శిబిరాలు నిర్వహించడం ఆనవాయితీగా వస్తున్నది. 1885లో ఇదే తేదీన లూయీ పాశ్చర్ తొలిసారిగా ఒక బాలునికి రేబీస్ టీకా ఇచ్చారు.

ఇటువంటి శిబిరాలకు వచ్చే కుక్కలలో మనిషి చేతికి అలవాటు పడినది సూదికి నిమ్మళంగా నిలబడుతుంది. అలవాటు లేనిది పెనుగులాడి యజమానినో, సిబ్బందినో కరుస్తుంది. కాటు లేదా గీరు పడిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. కరచినది ఇంటి కుక్క అయినా, దానికి టీకా వేయించినా వైద్య సలహా తప్పనిసరి.

రబ్బరు బ్రష్, కుచ్చుల బ్రష్, ఒక పాత నూలు గుడ్డ, వారంలో 20 నిమిషాల సమయం: కురచ వెంట్రుకల కుక్క యజమాని నుంచి కోరేది ఇంతమాత్రమే. ఈ అలవాటు ఉన్న ఇంటిలో పిడుదు గూడు కట్టదు, గజ్జి పిల్లల దాకా రాదు, టీకా తేదీ మరుగున పడదు. ప్రదర్శనలో బహుమతి పొందేవి కొన్ని కుక్కలే అయినా, ఆరోగ్యంగా జీవించే అవకాశాన్ని ప్రతి కుక్కకూ కల్పించడం యజమాని చేతిలోని పని. వీధి నుంచి తెచ్చి పెంచుకొన్న నాటుకుక్కకు కూడా ఇదే సంరక్షణ వర్తిస్తుంది.